సీటుకు అవతలి చెయ్యి

భిక్షపతన్న మొండి మనిషి. కష్టంలో ఉన్నవాడిని ఇప్పుడు ఆ మాట అనకూడదని మా గల్లీలో అందరూ నన్ను కసురుతారు. ఆయనకు కష్టం రాకముందూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చాటుగా కాదు, మొహం మీదే అంటాను. వెనకటికైతే నా ఒక్క మాటకు నాలుగు తగిలించేవాడు. ఇప్పుడు తల వంచుకుని ఊరుకుంటాడు. ఆ తగ్గడమేదో ముందే తగ్గి ఉంటే ఆయన పెళ్ళాం సైదమ్మక్క ఇవాళ మంచంలో ఉండేది కాదు.

సరూర్‌నగర్ చెరువు కట్ట దిగి లోపలికొస్తే మా గల్లీ. పక్కపక్కనే రెండు మడిగెలు. ఒకటి నాది, జాకెట్లు కుడతాను. రెండోది భిక్షపతన్నది, కార్ల సీట్లు కుడతాడు. ఇద్దరిదీ సూది బతుకే అయినా ఆ పని తీరు వేరు. నా సూది గుడ్డలోకి దిగి మళ్ళీ నా చేతికే వస్తుంది. పాతకాలం కారు సీటు అలా కాదు. ముందు తోలు, దాని వెనక జానెడు మందాన గుర్రపు వెంట్రుకలో కొబ్బరి పీచో, ఆ వెనక గోనెపట్టా, స్ప్రింగులు. పొడుగాటి దబ్బనం ఇటునుంచి గుచ్చితే అటు తేలుతుంది. అటు ఒక మనిషి కూర్చుని దాన్ని అందుకుని, దారం బిగలాగి, మళ్ళీ ఇటు పంపాలి. భిక్షపతన్న తోలు వైపు కూర్చునేవాడు, సైదమ్మక్క గోనె వైపు. మధ్యలో కొయ్య స్టాండు మీద సీటు నిలబెట్టి ఉంటుంది కాబట్టి ఒకరి మొహం ఒకరికి కనిపించదు. వాళ్ళ సంసారం సగం అలా సీటుకు చెరో పక్కన కూర్చునే గడిచింది.

మొహం కనిపించదు, రోడ్డు మీద హారన్ల మోతలో మాట వినిపించదు. అందుకని వాళ్ళకు దెబ్బల భాష ఒకటి ఉండేది. దబ్బనం సరిగ్గా అందితే సైదమ్మక్క కత్తెర పిడితో సీటు ఫ్రేము మీద ఒక్క దెబ్బ కొట్టేది. అందింది, ముందుకు పో అని. వంకరగా తేలితే రెండు దెబ్బలు. తప్పింది, కుట్టు వెనక్కి తియ్యి అని. నేను మిషను తొక్కుకుంటూ గోడ ఇవతలినుంచి రోజంతా ఆ టంగు టంగు వినేదాన్ని. రెండు పడ్డాయంటే వెంటనే భిక్షపతన్న గొణుగుడు మొదలయ్యేది. తన తప్పు ఎవరైనా చూపిస్తే ఆయనకు గిట్టదు. అయినా తిట్టుకుంటూనే కుట్టు విప్పేవాడు. ఆయనకు పని నేర్పిన మలక్‌పేట ఉస్తాద్ పెట్టిన కట్టుబాటు అది. "అవతలోడు రెండు గొడితే, నవాబు కుట్టిందైనా విప్పాలె," అనేవాడట ఆ ముసలాయన.

వాళ్ళ పోట్లాటలు మాకు వినోదం. సైదమ్మక్క అలిగిందంటే మొగుడితో మాట బందు. పని మాత్రం బందు పెట్టేది కాదు. రోజుల తరబడి నోరు విప్పకుండా దబ్బనం అందుకుంటూ, దెబ్బలు కొడుతూ ఉండేది.

"ఏందక్కా, మౌనవ్రతమా?" అని అడిగితే, "ఆయనతోని మాట్లాడుడు దండుగ చెల్లె. ఇనుముకు జెప్తే ఇనుమన్న ఇంటది," అనేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అలిగిన రోజుల్లో రెండు దెబ్బలు ఎక్కువ పడేవి. కుట్టు చక్కగా ఉన్నా కావాలని విప్పించేది. ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు, అందరం నవ్వుకునేవాళ్ళం. అలా నవ్వుకున్నందుకు నా మీద నాకే ఇప్పుడు రోత పుడుతుంది.

వాళ్ళది ఒకప్పటి నల్గొండ జిల్లాలో నేరేడుచర్ల దగ్గర పల్లె. జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మొక్కుకుంటే పుట్టిందని ఆమెకు సైదమ్మ అని పేరు పెట్టారు. బొట్టు పెట్టుకునే ఇంటివాళ్ళే అయినా ఏటా జనవరిలో అక్కడి ఉర్సు జాతరకు పోయి, మేకను కోసి కందూరు వండి పదిమందికి పెట్టి రావడం వాళ్ళ పుట్టింటి ఆనవాయితీ. పెళ్ళైన కొత్తలో పట్నం వచ్చారు. సీటు పని నేర్చుకున్న భిక్షపతన్నకు అవతలి చెయ్యిగా ఒక మనిషిని పెట్టుకునే తాహతు లేక పెళ్ళాన్నే కూర్చోబెట్టుకున్నాడు. "ఏ గడియల కూసుండవెట్టిండో, మల్ల లేసిందే లేదు," అని నవ్వేది సైదమ్మక్క. ఆమె కుడి అరచేతిలో దారం కోసిన గీత ఒకటి ఉండేది, అన్నం కలిపేటప్పుడు కారం మండుతుందని ఎడమ చేత్తో కలిపేది.

ఆ పని ఎక్కువ కాలం నిలవలేదు. అంబాసిడర్లు పోయాయి, ఫియట్లు పోయాయి. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పొడుగునా రెడీమేడ్ కవర్ల దుకాణాలు వెలిశాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో చొక్కా కొన్నట్టు సీటు కవరు కొని తొడిగించుకోవడమే. భిక్షపతన్న ఆటో సీట్లకు రెగ్జిన్ వేస్తూ నెట్టుకొచ్చాడు. దానికి అవతలి చెయ్యి అక్కర్లేదు. సైదమ్మక్క మడిగె ముందు కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది. చేతిలో విద్య ఉండి పని లేకపోతే మగవాడి నోరు ఎంత చేదెక్కుతుందో నేను రోజూ విన్నాను.

అలాంటప్పుడు వనస్థలిపురం నుంచి పట్టాభి గారు వచ్చారు. భీమవరం వైపు మనిషి, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు వాడిన పాత మారిస్ కారు ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉంటే బయటికి తీశారు. ఇంజను బాగుచేయించారు, రంగు వేయించారు, ఇక సీట్లే మిగిలాయి.

"మేస్త్రీ గారూ, అసలు తోలే ఉండాలండీ. ఎంతవరకూ బతికితే అంతవరకూ బతికించండి. మరీ పోయిన చోటే కొత్తది వేద్దాం," అన్నారాయన.

భిక్షపతన్న ఆ ముదురు ఎరుపు తోలు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఎండకు బీటలు వారి, నొక్కితే కాల్చిన అప్పడంలా చిటచిటమంటోంది. "పాణమున్న తోలు సార్. ముందుగాల దీని దూప తీర్చాలె. కుట్టుడు అటెన్క," అన్నాడు.

ఆ కొన్ని రోజులూ ఆయన మొహం చూడాలి, కొత్త పెళ్ళికొడుకు మొహమే. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి సబ్బు నురగతో మురికి తీశారు. దాహం తీరేదాకా నూనె పట్టించారు, తాగేసిన కొద్దీ మళ్ళీ పట్టించారు. చిరుగుల కింద పల్చటి తోలు ముక్కలు అతికించి, బీటలు పూడ్చి, రంగు కలిపి అద్దారు. "చెల్లె, ఒక్కసారి ఒచ్చి చూడు," అని నన్ను పనిలోంచి లేపి మరీ చూపించాడు. తోలు మెత్తబడి, వేలు పెడితే వేలుకు సర్దుకుంటోంది. వెనక సీటు మొత్తం బతికింది. ముందు సీటులో వీపు ఆనించే భాగం మాత్రం బతకలేదు. ఆ కార్లలో ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగ్గా ఉంటుంది. దానికి కొత్త తోలు వేసి, గాడులు గాడులుగా మొత్తం దబ్బనంతో కుట్టాలి. అవతలి చెయ్యి లేనిదే అయ్యే పని కాదు.

సరిగ్గా ఆ వారమే జాన్‌పహాడ్ ఉర్సు. అంతకుముందు ఏడు వాళ్ళ కూతురు గీత కాన్పని పోలేకపోయారు. మొక్కు అలాగే ఉండిపోయింది. ఈసారి ఏమైనా సరే పోదామని మాటిచ్చింది భిక్షపతన్నే. తోలు పని చేతికి రాగానే మాట మార్చాడు.

"సీటు అయినంక పోదాం తీ. దర్గా యాడికి పోతది?" అన్నాడు.

"దర్గా యాడికి పోదు. ఉర్సు పోతది," అంది సైదమ్మక్క. అక్కడితో మాట బందయింది.

ముందు సీటు కుట్టే రోజు పొద్దున షట్టరు ఎత్తుతూ నాతో అంది, "రాత్రి సంది తల పగులుతుంది చెల్లె." బీపీ గోళీ వేసుకున్నావా అంటే వేసుకున్నానని తల ఊపింది. ఇంటికి పోయి పడుకో అక్కా అన్నాను. లోపల ఉన్న భిక్షపతన్న చెవిన ఆ మాట పడింది.

"ఉర్సుకైతే లేని తలనొప్పి, సీటు కుట్టాలంటే ఒచ్చిందా?" అన్నాడు.

సైదమ్మక్క ఆయన వంక చూడను కూడా చూడలేదు. కొంగు నడుముకు దోపుకుని సీటుకు అవతలి పక్కకు పోయి కూర్చుంది. నేను ఆయన్ని నాలుగు తిట్టి, లైనింగు గుడ్డ తేవాలని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. ఆ తర్వాతిది నేను చూసింది కాదు. భిక్షపతన్న చెప్పగా విన్నది. ఎవరు దొరికినా సరే, అడిగినా అడగకపోయినా, మొదటినుంచి చివరిదాకా చెబుతాడు.

పని మొదట బ్రహ్మాండంగా సాగింది. ఒక్క దెబ్బ, ఒక్క దెబ్బ, ఒక్క దెబ్బ. గాడులు తీగ లాగినట్టు వచ్చాయి. ఇన్నేళ్ళకు తోలు మీద చెయ్యి పడిందన్న సంబరంలో ఆయన ఒళ్ళు మరిచిపోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు రెండు దెబ్బలు పడ్డాయి. వంగి చూసుకున్నాడు. కుట్టులో ఏ వంకా లేదు. విప్పకుండా ముందుకు పోయాడు. మళ్ళీ రెండు.

"ఏందే, కండ్లు పోయినయా? సక్కగనే ఉంది," అని అరిచాడు.

దబ్బనం తిరిగి రావడం ఆలస్యమైంది. వచ్చింది గాని గాడి తప్పి, వేలెడు పక్కన తోలును పొడుచుకుని వచ్చింది. ఆ తర్వాతిది ఇంకా పక్కకు. గుడ్డకు పడ్డ చిల్లు దారంలో కలిసిపోతుంది. తోలుకు పడ్డ చిల్లు ఇక పూడదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది. అలిగినప్పుడు ఆమె కుట్టు విప్పిస్తుందని తెలుసు కదా, ఇది ఉర్సు మీది అలకే అనుకున్నాడు. "అలిగితే నా మీద అలుగు. తోలును ఖరాబు జేస్తవా?" అని కేకలేశాడు. అవతలినుంచి మళ్ళీ రెండు దెబ్బలు, ఈసారి మెల్లగా.

లేచి సీటు చుట్టూ తిరిగి చూస్తే అయిపోయేది. అలా వెళ్ళడం ఆమెకు లొంగినట్టవుతుందని వెళ్ళలేదు. దబ్బనం బలంగా గుచ్చి, "పంపితే పంపు, లేకుంటే లేదు. నేనైతే రాను," అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దబ్బనం రాలేదు. ఇంకోసారి రెండు దెబ్బలు పడ్డాయి, వినీ వినపడకుండా. తర్వాత అవి కూడా లేవు. ఇప్పుడు దారికొచ్చింది అనుకున్నాడు. బీడీ ముట్టించాడు. టీ తెప్పించుకున్నాడు.

పొద్దు వాలాక నేను గుడ్డల సంచితో తిరిగొచ్చేసరికి గడప మీద కూర్చుని ఉన్నాడు. "మీ అక్క హర్తాళ్ జేస్తుంది, పోయి చూడు," అన్నాడు నవ్వుతూ.

పోయి చూశాను. సైదమ్మక్క సీటు ఫ్రేముకు తల ఆన్చి ఒరిగిపోయి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుబడి పడి ఉంది. ఎడమ చేతిలో కత్తెర ఇంకా పట్టుకునే ఉంది. గోనెలోంచి పొడుచుకొచ్చిన దబ్బనం ఆమె చెంప పక్కనే ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నీళ్ళు కార్చాయి.

నేను పెట్టిన కేకకు గల్లీ అంతా పోగయింది. ఆటోలో వేసుకుని ఎల్బీనగర్ వైపు దవాఖానకు పరుగెత్తాం. మెట్రో స్తంభాల కింద బండ్లు కదలవు. భిక్షపతన్న ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "రెండు గొట్టింది చెల్లె, రెండు గొట్టింది," అని ఒకటే మాట. అప్పటికి నాకు ఏమీ అర్థం కాలేదు.

ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగింది. ఆయన అబద్ధం ఆడలేదు, పొద్దు నడినెత్తిన అని చెప్పాడు. "మరి ఇంతసేపూ ఏం చేశారు?" అంది ఆమె. ఆయన నా వైపు చూశాడు. తలలో రక్తనాళం మూసుకుపోయిందట. వెంటనే తెచ్చి ఉంటే ఇంజక్షన్‌తో చాలావరకు తేరుకునేదట, ఇప్పుడు ఆ వేళ దాటిపోయిందట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆయన డాక్టరమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

ప్రాణం మిగిలింది. కుడి పక్క పోయింది, మాట పోయింది. మడిగె వెనక గదిలో ఇనుప మంచం వేసి పడుకోబెట్టారు. గీత తుర్కయంజాల్ నుంచి పసిబిడ్డను చంకనేసుకుని వచ్చి పోతూ ఉండేది. పట్టాభి గారు వచ్చి చూసి, "సీటు సంగతి మర్చిపోండి మేస్త్రీ గారూ. ఉన్నదున్నట్టు నాకిచ్చేయండి, చాలు," అన్నారు. మంచి మనిషి. భిక్షపతన్న సరేనన్నాడు. ఆ సీటును అప్పటికే గోనెపట్టా కప్పి గోడ వైపు తిప్పి పెట్టాడు. దాని వంక చూడటం ఆయన వల్ల కాలేదు.

పట్టాభి గారు అలా అని వెళ్ళిన రోజే మొదలైంది. సైదమ్మక్క ఎడమ చేతి ఉంగరంతో మంచం పట్టె మీద కొట్టింది. రెండు దెబ్బలు.

భిక్షపతన్న చేతిలో పని విసిరికొట్టి పరిగెత్తాడు. నీళ్ళు కావాలా? రెండు దెబ్బలు. ఆకలా? రెండు. నొప్పి లేస్తోందా, గీతను పిలవాలా, దవాఖానకు పోదామా? అన్నిటికీ రెండే. చివరికి ఏడుస్తూ, "జాన్‌పహాడ్ పోదామానే సైదా?" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే.

నాకే తట్టింది. "అన్నా, ఆ సీటు తెచ్చి ఆమె ముందల పెట్టు," అన్నాను.

"సంపకు చెల్లె. దాన్ని ముట్టలేను."

"నీ కోసం కాదు, ఆమె కోసం. అది ఆమె చేసిన పని. జర లెవ్వు," అని గదమాయించాను.

సీటు తెచ్చి మంచానికి ఆనించాం. ఆమె ఎడమ చెయ్యి ఎత్తి తోలు మీద పెట్టాను. వేళ్ళు మెల్లగా గాడి వెంట జరిగాయి. చక్కగా ఉన్నంత మేరా ఆగకుండా జరిగాయి. వంకర మొదలైన చోట ఆగిపోయాయి. చెయ్యి తీసి పట్టె మీద కొట్టింది.

"ఇవి నీ చేతి కుట్లే సైదా. ఇవి విప్పితే నీ పని ఇంకేముంటది? ఉండనియ్యే," అని భిక్షపతన్న ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అవతలి చెయ్యి ఒప్పుకోలేదు. మళ్ళీ రెండు దెబ్బలు.

విప్పాడు. ఒక్కో కుట్టూ విప్పుతూ పెద్దగా ఏడ్చాడు. చిల్లులు పడ్డ తోలు కోసి తీసేసి, కొత్త ముక్క వేశాడు. అవతల నేను కూర్చుంటానన్నాను. వద్దన్నాడు. మంచం పక్కనే సీటు నిలబెట్టుకుని, దబ్బనం గుచ్చి, లేచి, చుట్టూ తిరిగి అవతలికి పోయి, తనే అందుకుని, బిగలాగి, తిరిగి గుచ్చి, మళ్ళీ ఇవతలికి వచ్చి కూర్చునేవాడు. ప్రతి కుట్టుకూ అంతే. ఆ రోజు లొంగినట్టవుతుందని నడవని నడక ఇప్పుడు రోజంతా నడిచాడు. అది చూడలేక నేను మిషను ముందు కూర్చుని అక్కర్లేని కుట్లు కూడా వేసుకుంటూ పోయాను.

అంతా అయ్యాక ఆమె వేళ్ళను గాడి పొడుగునా చివరిదాకా తీసుకుపోయాడు. సైదమ్మక్క పట్టె మీద ఒక్కసారి కొట్టింది. ఆ ఒక్క దెబ్బ విని ఆయన గోడకు చేరగిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

పట్టాభి గారు కారు తెచ్చి సీట్లు బిగించుకున్నారు. సంగతి అంతా తెలిసి, "వచ్చే ఉర్సుకు మీ ఇద్దరినీ ఈ కారులోనే జాన్‌పహాడ్ తీసుకువెళ్తానండీ, నేనే నడుపుతాను," అని మాటిచ్చారు. ఆ మాట చెబితే సైదమ్మక్క ఒక్క దెబ్బ కొట్టింది. అప్పటినుంచి భిక్షపతన్న ఆ ఒక్క దెబ్బ పట్టుకుని బతికాడు. రోజూ ఆమె కాళ్ళూ చేతులూ నూనె పెట్టి మర్దనా చేసేవాడు, తోలుకు పట్టించినట్టే ఓపిగ్గా.

వానాకాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆయన ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. చెప్పులు కూడా లేకుండా ఆమెను ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. లాభం లేకపోయింది. ఎడమ పక్క కూడా పోయింది. కళ్ళు తెరిచే ఉంటాయి గాని మనిషిని పోల్చుకుంటుందో లేదో డాక్టర్లూ చెప్పలేదు.

జనవరిలో పట్టాభి గారు మాట ప్రకారం కారు తెచ్చి గల్లీలో నిలబెట్టారు. ముదురు ఎరుపు సీట్లు ఎండకు నిగనిగలాడుతున్నాయి. ఈ పరిస్థితిలో కదిలించొద్దని డాక్టర్లు అన్నారని భిక్షపతన్న గుమ్మంలోంచే చెప్పాడు. పట్టాభి గారు కారు తిప్పుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆయన ఆటో సీట్లు కూడా కుట్టడు. గీత పంపింది తిని మంచం పక్కనే కూర్చుంటాడు. నేను మిషను ఆపితే చాలు, గోడ అవతలినుంచి చప్పుడు వినిపిస్తుంది. మంచం పట్టె మీద కత్తెర పిడి, రెండు దెబ్బలు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ రెండు. మొన్న తలనొప్పి లేచి, తిట్టిపోద్దామని వెళ్ళాను.

"ఏందన్నా ఆ మోత? ఆమె కొట్టేటప్పుడు ఇనలేదు, ఇప్పుడు నువ్వు గొడితే ఎవరు ఇనాలె?" అన్నాను.

ఆయన సైదమ్మక్క మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. "తప్పింది, వెనక్కి తియ్యమంటున్న చెల్లె," అన్నాడు.

వచ్చి మిషను ముందు కూర్చున్నాను. గోడ అవతల మళ్ళీ రెండు దెబ్బలు పడ్డాయి.